తెలుగు నుంచి స్పానిష్‌కు: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి స్పానిష్ మొదలుపెట్టేవాళ్ళ అవసరాలు వేరువేరు. ఒకరు మాస్టర్స్ కోసం టెక్సాస్ పోతారు, ఇంకొకరికి హైదరాబాద్ ఆఫీసులో మెక్సికో క్లయింటు ఉంటాడు, మరొకరిది ఊరికే సరదా. సందేహాలు మాత్రం అందరివీ దాదాపు అవే. అందుకే ఒకచోట చేర్చాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలోనే ఇచ్చాం. నొక్కి పలకాల్సిన అచ్చుకు దీర్ఘం పెట్టాం, మిగతావి హ్రస్వం. 'ఆబ్లొ' అని ఉంటే మొదటి భాగం నొక్కాలి, 'అబ్లార్' అని ఉంటే చివరిది.

## మొదలుపెట్టకముందు

ఇంగ్లీషు అంతంత మాత్రమే. అయినా స్పానిష్ వస్తదా?

వస్తుంది. చాలాచోట్ల ఇంగ్లీషు మీదుగా పోవడమే చుట్టు దారి. 'నాకు టీ ఇష్టం', 'అమ్మను చూసిన', 'అయిదుకు పావు తక్కువ' లాంటి వాక్యాల కట్టు తెలుగులో ఎట్లా ఉందో స్పానిష్‌లోనూ దాదాపు అట్లాగే ఉంటుంది. క్రియ చివరను బట్టే 'నేను', 'నువ్వు' తెలిసిపోవడం కూడా రెండింటికీ అలవాటే. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి కాబట్టి వాళ్ళకు కష్టమైనవే కష్టమని చెబుతాయి. మనకు కష్టమైనవి వేరు: వస్తువులకు ఆడ, మగ తేడా, విశేషణం మారడం, విభక్తి మాట నామవాచకానికి ముందు రావడం. ఇంగ్లీషు లిపి చదవడం వస్తే చాలు.

స్పెయిన్ స్పానిష్ నేర్చుకోవాలా, మెక్సికోదా?

అమెరికా పోయేవాళ్ళకు, లాటిన్ అమెరికా కంపెనీలతో పనున్నవాళ్ళకు మెక్సికో పలుకుబడి మేలు. స్పెయిన్‌లో చదువుకోబోయేవాళ్ళు అక్కడిదే పట్టుకోవాలి. 20 దేశాల్లో అధికార భాష అయినా మొదటి మెట్టులో తేడాలు కొన్నే. స్పెయిన్‌లో ఎక్కువచోట్ల 'జెడ్'ను, 'ఇ', 'ఐ' ముందు వచ్చే 'సి'ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు, లాటిన్ అమెరికాలో అంతా 'స' అనే అంటారు. 'మీరంతా' అనడానికి స్పెయిన్‌లో స్నేహితులతో 'బొసోత్రొస్', లాటిన్ అమెరికాలో ఎవరితోనైనా 'ఉస్తేదెస్'. అర్జెంటీనాలో 'తూ' (నువ్వు) బదులు 'బోస్' వినిపిస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని ఆరు నెలలు దాని మీదే ఉండండి. ఈ పేజీలో లాటిన్ అమెరికా పలుకుబడే వాడాం.

రోజుకు ఎంతసేపు కూసుంటే ఎన్ని నెలలకు మాట్లాడొచ్చు?

రోజుకు 45 నిమిషాలు, వారానికి అయిదు రోజులు పెడితే అయిదారు నెలల్లో పేరు, ఊరు, కుటుంబం, తిండి, టైం, దారి అడగడం వంటివి తడబడుతూనైనా నడుస్తాయి. దాన్నే ఏ1 స్థాయి అంటారు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చునే పద్ధతి పనిచేయదు, మళ్ళీ ఆదివారం వచ్చేసరికి సగం పోతుంది. 45 నిమిషాల్లో పది నిమిషాలు పాత మాటలకు, పదిహేను కొత్త పాఠానికి, పది వినడానికి, పది పైకి మాట్లాడటానికి. ఈ చివరి పదే అందరూ ఎగ్గొట్టేది.

వరంగల్‌ల ఉండి ఎక్కడ నేర్చుకోవాలె?

హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ కోర్సులున్నాయి. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్‌కు న్యూఢిల్లీలో కేంద్రం ఉంది, అది ఆన్‌లైన్ క్లాసులు కూడా నడుపుతుంది. ఏ ఆన్‌లైన్ క్లాసులోనైనా చేరేముందు రెండు విషయాలు అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, గంటలో ఒక్కొక్కరు మాట్లాడేది ఎన్ని నిమిషాలు. ఇరవై మంది ఉన్న క్లాసు కంటే మంచి పుస్తకం, వారానికి ఒకసారి ఒకరితో అరగంట మాట్లాడటం ఎక్కువ పనిచేస్తాయి.

## పలకడం, రాయడం

ఇంగ్లీషు అక్షరాలే కదా, కొత్తగ నేర్చుకునేదేముంది?

అక్షరాలు 27, అందులో కొత్తది ఒక్కటే: మీద అల గీత ఉన్న 'ఎన్'. దాన్ని 'న్య' అని పలకాలి. పాతవే కొన్ని వేషం మారుస్తాయి. 'హెచ్' పలకదు, అందుకే పలకరింపు 'హోలా' కాదు, 'ఓల'. 'జె'ను గట్టి 'హ' అనాలి. ఉర్దూవాళ్ళు 'ఖాన్' అనేటప్పుడు గొంతులోంచి వచ్చే శబ్దం ఉందే, స్పెయిన్‌లో అచ్చం అదే. 'జి' తర్వాత 'ఇ', 'ఐ' వస్తే అదీ 'హ'యే: 'హేంతె' (జనం). రెండు 'ఎల్'లు పక్కపక్కన ఉంటే 'య': 'యేగొ' (చేరుకుంటాను). 'వి', 'బి' రెండూ 'బ': 'బీబొ' (నివసిస్తాను). 'క్యూ', 'యు' కలిస్తే వట్టి 'క': 'కేసొ' (చీజ్). అచ్చులు మాత్రం ఎప్పుడూ అయిదే, ఒక్కోదానికి ఒక్కటే శబ్దం. గుణింతం చదివినట్టు చదువుకుంటూ పోవచ్చు.

నేను మాట్లాడితే ఇంగ్లీషు లెక్క వినిపిస్తుందట. తప్పెక్కడ?

నూటికి తొంభై పాళ్ళు 'ట', 'డ' దగ్గర. ఇంగ్లీషు 'టి' కనిపించగానే మన నాలుక 'ట' అంటుంది. స్పానిష్‌లో అది తెలుగు 'త'. 'డి' అంటే 'ద'. 'టెంగో' కాదు 'తేంగొ', 'ఉస్టెడ్' కాదు 'ఉస్తేద్', 'టొమాటో' కాదు 'తొమాతె'. ఇంగ్లీషువాళ్ళు నెలలు కుస్తీ పట్టే శబ్దాలు మనకు పుట్టుకతోనే ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరం చూసి వదులుకుంటున్నాం.

ఇంకో మూడు ఉన్నాయి. మాట 'ఎ'తో మొదలైతే ముందు 'య' చేర్చి 'యెస్తార్' అనడం, 'ఒ'తో మొదలైతే 'వ' చేర్చి 'వోల' అనడం ఒకటి. హల్లుతో ఆగే మాటకు చివర 'ఉ' తగిలించి 'సేరు', 'అబ్లారు' అనడం రెండోది. 'జెడ్'ను 'జ' అనడం మూడోది, స్పానిష్‌లో ఆ శబ్దమే లేదు. పది వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేసి ఈ నాలుగింటి కోసమే వినండి. వేరే తప్పులు తర్వాత చూసుకోవచ్చు.

ఒక 'ఆర్'కు, రెండు 'ఆర్'లకు తేడా అంత ముఖ్యమా?

ముఖ్యమే. 'పేరొ' అంటే కానీ, 'పేర్రొ' అంటే కుక్క. 'కారొ' ఖరీదైనది, 'కార్రొ' మెక్సికోలో కారు. ఒక 'ఆర్' మన 'ర'. రెండు 'ఆర్'లు 'బర్రె', 'గొర్రె'లో ఉన్న 'ర్ర', ఇంకొంచెం ఎక్కువసేపు. మాట మొదట్లో ఒకటే 'ఆర్' ఉన్నా 'ర్ర' అనే పలకాలి, మరిచిపోయేది ఇక్కడే.

ఏ భాగం నొక్కాలో ఎట్ల తెలుస్తది?

మాట అచ్చుతోగానీ, 'ఎన్', 'ఎస్'లతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో భాగం నొక్కాలి: 'కాస' (ఇల్లు), 'ఆబ్లన్' (మాట్లాడతారు). వేరే హల్లుతో ముగిస్తే చివరి భాగం: 'అబ్లార్', 'సియుదాద్' (నగరం). ఈ రెండింటికీ లొంగని మాటకు అచ్చు మీద ఏటవాలు గీత ఉంటుంది, అక్కడ నొక్కాలి. 'పాప' అంటే లాటిన్ అమెరికాలో ఆలుగడ్డ, చివర గీత ఉన్న 'పపా' అంటే నాన్న. అంతకుమించి మినహాయింపుల్లేవు.

అల గీత, ఏటవాలు గీతలు టైపు చేయకుంటే ఏమైతది?

ఏటవాలు గీత వదిలేస్తే స్నేహితులు అర్థం చేసుకుంటారు, పరీక్షలో మార్కు పోతుంది. అల గీత వదిలేస్తే పరువు పోతుంది: 'ఆన్యొ' అంటే సంవత్సరం, గీత లేని 'ఆనొ' అంటే మలద్వారం. 'నాకు 20 ఏళ్ళు' అని రాసేటప్పుడు జాగ్రత్త. ఫోన్‌లో కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి పోయి స్పానిష్ చేర్చుకోండి, లేదంటే ఆ అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే వస్తుంది. విండోస్ కంప్యూటర్‌లో ఆల్ట్ పట్టుకుని కుడివైపు అంకెల మీట మీద 164 కొడితే అల గీత 'ఎన్', 160 కొడితే గీత ఉన్న 'ఎ', 130కి 'ఇ', 161కి 'ఐ', 162కి 'ఒ', 163కి 'యు', 168కి తలకిందుల ప్రశ్న గుర్తు. ప్రశ్నకు ముందు తలకిందుల గుర్తు, చివర మామూలు గుర్తు, రెండూ ఉండాలి.

స్పానిష్ మాటల్ని తెలుగులో రాసుకుని చదివితే తప్పా?

మొదటి రెండు వారాలు మంచిదే, 'ట' బదులు 'త' అనడం అలవాటవుతుంది. తర్వాత మానేయండి. 'బి', 'వి' రెండూ 'బ'గా, 'ఎస్', 'సి', 'జెడ్' మూడూ 'స'గా రాసుకుంటే రేపు స్పెల్లింగ్ రాదు.

## మాటలు

ముందుగ ఏ మాటలు నేర్చుకోవాలె? పండ్లు, జంతువుల లిస్టులు బట్టీ పడుతున్న.

లిస్టులు ఆపండి. ఏనుగుతో ఏం పని పడుతుంది? ముందు 15 క్రియలు పట్టుకోండి: సేర్, ఎస్తార్ (రెండూ ఉండు), తెనేర్ (కలిగి ఉండు), అసేర్ (చేయు), ఇర్ (పోవు), బెనీర్ (వచ్చు), కెరేర్ (కావాలనుకొను), పొదేర్ (చేయగలుగు), సబేర్ (తెలియు), దెసీర్ (చెప్పు), బేర్ (చూచు), దార్ (ఇచ్చు), అబ్లార్ (మాట్లాడు), కొమేర్ (తిను), బిబీర్ (నివసించు). వీటి పక్కన ప్రశ్న మాటలు: కే (ఏమి), కియేన్ (ఎవరు), దోందె (ఎక్కడ), క్వాందొ (ఎప్పుడు), క్వాంతొ (ఎంత), కోమొ (ఎట్లా), పొర్ కే (ఎందుకు). తర్వాత మీ రోజులో ఎదురయ్యే వస్తువులు. బస్సు, టికెట్, చార్జర్, అన్నం, ఫీజు, అద్దె. వారానికి 40 మాటల చొప్పున 12 వారాల్లో దాదాపు 500 అవుతాయి, ఏ1కు అవి చాలు.

రాత్రి చదివింది పొద్దుగాల గుర్తుంటలేదు. ఏం చేయాలె?

మరిచిపోవడం మామూలే, మళ్ళీ చూసే పద్ధతే తప్పు. మాటను మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు చూడాలి. ఆంకి యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది, ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉచితం. కార్డు ముందువైపు తెలుగు వాక్యం, వెనక స్పానిష్ వాక్యం పెట్టండి. ఒంటి మాట పెట్టొద్దు. నామవాచకమైతే ఎల్ (పుంలింగం), ల (స్త్రీలింగం) అనే ముందు మాటతో సహా రాయండి: 'మేస' కాదు, 'ల మేస' (బల్ల). కొత్త కార్డులు రోజుకు ఎనిమిది దాటొద్దు. ఇరవై పెట్టినవాళ్ళకు పదో రోజుకు పాతవే వందకు పైగా పేరుకుపోతాయి, అక్కడితో యాప్ మూసేస్తారు.

మనకు ముందే తెలిసిన మాటలేమన్న ఉన్నయా?

ఉన్నాయి. మన నారింజ పర్షియన్, అరబ్బీ దారిలో స్పెయిన్ చేరి 'నరాంహ' అయింది. చక్కెర అదే దారిలో 'అసూకర్' అయింది. ఉర్దూ సాబున్, మన సబ్బు, స్పానిష్ 'హబోన్' చుట్టాలే. అలమార, పాదిరి పోర్చుగీసు నుంచి తెలుగులోకి వచ్చినవి. పోర్చుగీసుకు స్పానిష్ అక్కాచెల్లెళ్ళ వరస కాబట్టి 'అర్మారియొ', 'పాద్రె' (నాన్న, పాదిరి) వెంటనే గుర్తుపడతారు. ఎదురు దిక్కున టమాటా మెక్సికో ఆదివాసుల నావాటిల్ భాష నుంచి స్పానిష్ మీదుగా మన వంటింటికి వచ్చింది. ఇట్లాంటివి ఓ ఇరవై దొరుకుతాయి. సరదాకు బాగుంటాయి గానీ వీటి మీదే ఆధారపడలేం.

వారాల పేర్లు కలగాపులగం అయితున్నయి.

తెలుగు వారాల పక్కన పెట్టి చూడండి, గ్రహాలు అవే. సోమవారం చంద్రుడిది: 'లూనెస్' (చంద్రుడు 'లూన'). మంగళవారం కుజుడిది: 'మార్తెస్'. బుధవారం 'మియేర్కొలెస్', గురువారం 'హ్వేబెస్', శుక్రవారం 'బియేర్నెస్'. శని, ఆదివారాలు మాత్రం మతపరమైన పేర్లు: 'సాబదొ', 'దొమీంగొ'. 'సోమవారం నాడు' అనడానికి 'ఎల్ లూనెస్' చాలు, 'లో' అని ఇంకేమీ చేర్చొద్దు.

లక్ష, కోటిని ఏమంటరు?

ఆ మాటల్లేవు. లక్ష 'సియేన్ మీల్' (వంద వేలు), పది లక్షలు 'ఉన్ మియోన్', కోటి 'దియేస్ మియోనెస్', వంద కోట్లు 'మీల్ మియోనెస్'. స్పానిష్ 'బియోన్' అంటే ఇంగ్లీషు బిలియన్ కాదు, లక్ష కోట్లు. క్లయింటు పంపిన లెక్కలో దీన్ని తప్పు చదివితే వెయ్యి రెట్ల తేడా వస్తుంది. స్పెయిన్‌లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, అది కూడా చూసుకోవాలి. వందల్లో 500, 700, 900 దారి తప్పుతాయి: కినియేంతొస్, సెతెసియేంతొస్, నొబెసియేంతొస్.

టైం ఎట్ల చెప్పాలె?

మనం చెప్పినట్టే. నాలుగూ ముప్పావును 'అయిదుకు పావు తక్కువ' అంటాం కదా, స్పానిష్‌లో 'సోన్ లస్ సీంకొ మేనొస్ క్వార్తొ', అంటే అయిదు, తక్కువ, పావు. అయిదున్నర 'లస్ సీంకొ ఇ మేదియ'. ఒంటి గంటకు మాత్రం ఏకవచనం: 'ఏస్ ల ఊన'. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'క్వార్తొ పర లస్ సీంకొ' (అయిదుకు పావు) అంటారు, విన్నప్పుడు కంగారు పడొద్దు.

అన్నకు, తమ్ముడికి ఒకటే మాటనా? మరి బావ, మేనమామ?

ఒకటే: 'ఎర్మానొ'. తేడా చెప్పాల్సి వస్తే అన్న 'ఎర్మానొ మయోర్', తమ్ముడు 'ఎర్మానొ మెనోర్'. అక్కాచెల్లెళ్ళు 'ఎర్మాన'. మేనమామ, పెదనాన్న, బాబాయి అంతా 'తీయొ'. పెద్దమ్మ, చిన్నమ్మ, మేనత్త 'తీయ'. బావ అక్క మొగుడైతే 'కున్యాదొ', మేనత్త కొడుకైతే 'ప్రీమొ'. పెదనాన్న కొడుకును మనం అన్న అంటాం, అక్కడ అతనూ 'ప్రీమొ'యే. 'ఎర్మానొ' అంటే ఒకే అమ్మానాన్నల పిల్లలని అనుకుంటారు, వీసా ఫారాల్లో ఇది చిక్కు తెస్తుంది.

ఇంగ్లీషు లెక్కనే ఉన్న మాటలు వాడేస్తే నడుస్తదా?

సగం నడుస్తాయి, సగం ముంచుతాయి. 'ఎంబరసాద' అంటే సిగ్గుపడింది కాదు, గర్భవతి. స్పెయిన్‌లో 'కొన్స్తిపాదొ' అంటే మలబద్ధకం కాదు, జలుబు. 'ఏక్సితొ' బయటికి పోయే దారి కాదు, విజయం. 'సోప' సబ్బు కాదు, సూప్. 'రోప' తాడు కాదు, బట్టలు. 'కర్పేత' ఫైలు పెట్టుకునే ఫోల్డర్. 'లిబ్రెరీయ' లైబ్రరీ కాదు, పుస్తకాల దుకాణం. 'లార్గొ' పెద్దది కాదు, పొడవైనది.

హోటల్ల కారం, శాకాహారం గురించి ఎట్ల అడగాలె?

కారం 'పికాంతె', వేడి 'కలియేంతె'. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట ఉండటంతో చాలామంది కారం కావాలని అడిగి వేడి కూర తెచ్చుకుంటారు. కారంగా ఉంటుందా అని అడగడానికి 'పీక?' చాలు. మాంసం తిననివాళ్ళు 'సోయ్ బెహెతరియానొ' (ఆడవాళ్ళైతే 'బెహెతరియాన') అని ఊరుకోవద్దు. స్పెయిన్‌లో చాలామందికి 'కార్నె' అంటే ముక్క మాంసమే, హామ్ గానీ చేప గానీ ఆ లెక్కలోకి రావు. విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదొ, సిన్ వేబొ. మాంసం, హామ్, చేప, గుడ్డు లేకుండా అని.

## వ్యాకరణం: మొదటి మెట్టు

బల్ల ఆడది, పుస్తకం మగది ఏంది? ఎట్ల గుర్తుపెట్టుకోవాలె?

అర్థంతో పని లేదు, మాట చివర చూడండి. 'ఒ'తో ముగిస్తే ఎక్కువగా పుంలింగం: 'ఎల్ లీబ్రొ' (పుస్తకం). 'అ'తో ముగిస్తే ఎక్కువగా స్త్రీలింగం: 'ల కమీస' (చొక్కా). 'సియోన్', 'దాద్' చివర ఉంటే స్త్రీలింగం: 'ల ఎస్తసియోన్' (స్టేషన్), 'ల సియుదాద్'. ఎదురు తిరిగేవి బట్టీ పట్టాల్సిందే: ల మానొ (చేయి), ఎల్ దీయ (రోజు), ఎల్ మాప, ఎల్ ప్రొబ్లేమ, ఎల్ ఇదియోమ (భాష), ల ఫోతొ, ల మోతొ (బండి). నీళ్ళు ఇంకో వింత: 'ఎల్ ఆగ్వ' అంటారు గానీ అది స్త్రీలింగమే, చన్నీళ్ళు 'ఎల్ ఆగ్వ ఫ్రీయ'.

హిందీ, ఉర్దూ వచ్చినవాళ్ళకు వస్తువులకు లింగం కొత్త కాదు. కానీ 'బడా లడ్కా'లో 'ఆ' మగది, ఇక్కడ 'అ' ఆడది. ఆ అలవాటు తిరగబడి తప్పులు చేయిస్తుంది.

విశేషణం ఎక్కడ పెట్టాలె?

ఎక్కువగా వెనక, పైగా లింగం, వచనం కలవాలి. మనం 'ఎర్ర చొక్కా', 'ఎర్ర చొక్కాలు' అంటే 'ఎర్ర' కదలదు. అక్కడ 'ల కమీస రోహ', 'లస్ కమీసస్ రోహస్'. మూడు చోట్లా 'స్' పడాలి, మనవాళ్ళు మధ్యదే వేసి మిగతావి వదిలేస్తారు.

నువ్వు, మీరు తేడా ఉందా?

ఉంది. 'తూ' నువ్వు, 'ఉస్తేద్' మీరు. పట్టాల్సిన సంగతి: మన 'మీరు' బహువచన క్రియ తీసుకుంటుంది, 'ఉస్తేద్' మాత్రం 'అతను, ఆమె'ల క్రియ తీసుకుంటుంది. 'ఉస్తేద్ ఆబ్ల', అంతేగాని 'ఆబ్లన్' కాదు. స్పెయిన్‌లో తోటివాళ్ళతో, ఆఫీసులో కూడా 'తూ' త్వరగా వచ్చేస్తుంది, అది అమర్యాద కాదు. కొలంబియా వంటి చోట్ల 'ఉస్తేద్' ఎక్కువ. తెలియనప్పుడు 'ఉస్తేద్'తో మొదలుపెట్టండి.

క్రియకు ఇన్ని రూపాలెందుకు? ఎట్ల కంఠతా పట్టాలె?

తెలుగులోనూ ఇన్ని ఉన్నాయి, మనకు కనిపించవంతే. 'అబ్లార్' నుంచి: ఆబ్లొ (మాట్లాడతాను), ఆబ్లస్ (మాట్లాడతావు), ఆబ్ల (మాట్లాడతాడు, మాట్లాడుతుంది), అబ్లామొస్ (మాట్లాడతాం), ఆబ్లన్ (మాట్లాడతారు). 'కొమేర్' నుంచి: కోమొ, కోమెస్, కోమె, కొమేమొస్, కోమెన్. 'బిబీర్' కూడా అంతే, 'మేము' దగ్గరే 'బిబీమొస్'. 'మనం', 'మేము' తేడా లేదు.

క్రియలోనే ఎవరో తెలుస్తుంది కాబట్టి 'యో' (నేను) ప్రతి వాక్యానికీ పెట్టకండి. 'యో ఆబ్లొ, యో కోమొ' అంటూ పోతే 'నేను.. నేను..' అని గుండెలు బాదుకున్నట్టు ఉంటుంది. నోటికి రావాలంటే పట్టిక వల్లించడం కంటే ప్రశ్న, జవాబు మేలు: 'కోమెస్ అర్రోస్?' (అన్నం తింటావా?) 'సీ, కోమొ అర్రోస్.' దారి తప్పేవాటిలో 'నేను' రూపం 'గొ'తో ముగిసే గుంపు ఉంది: తేంగొ, బేంగొ, ఆగొ, సాల్గొ, పోంగొ, దీగొ. ఇంకో గుంపులో మధ్య అచ్చు మారుతుంది, 'మేము' దగ్గర మాత్రం మారదు: కియేరొ, కియేరెస్, కియేరె, కెరేమొస్, కియేరెన్.

సేర్, ఎస్తార్ రెండూ 'ఉండు' అయితే ఏది ఎప్పుడు?

'శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్' అని పుస్తకాలు చెప్పే సూత్రాన్ని పక్కన పెట్టండి. 1213 నాటి రామప్ప గుడి పాలంపేట నుంచి ఎక్కడికీ కదల్లేదు, అయినా అది 'ఎస్తా ఎన్ పాలంపేట'యే. తెలుగు వాక్యాన్ని చూడండి. క్రియే లేకుండా సరిపోతే (ఆమె డాక్టరు, మాది వరంగల్, నేను తెలుగువాణ్ణి) సేర్: 'ఏస్ మేదిక', 'సోయ్ దె వరంగల్'. మనిషి, వస్తువు, ఊరు ఎక్కడుందో చెబితే ఎస్తార్. ఇప్పటి స్థితి చెబుతూ 'ఉంది' అంటే (టీ చల్లగా ఉంది, నేను అలిసిపోయి ఉన్నాను) ఎస్తార్. 'ఉంటుంది' అని స్వభావం చెబితే (ఆమె పొడుగ్గా ఉంటుంది) సేర్: 'ఏస్ ఆల్త'. మామిడికాయ 'ఎస్తా బేర్దె' అంటే ఇంకా పచ్చిగా ఉంది, 'ఏస్ బేర్దె' అంటే దాని రంగు ఆకుపచ్చ.

తెలుగు 'ఉంది' ఇంకో రెండు చోట్ల మోసం చేస్తుంది. 'ఇక్కడ ఒక గుడి ఉంది' అని ఉనికి చెబితే రెండూ కాదు, 'ఆయ్ ఉన్ తేంప్లొ'. 'నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు' అంటే 'తేంగొ దోస్ ఈహొస్'. పెళ్ళి, మీటింగు ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి సేర్ వాడతారు: 'ల బోద ఏస్ ఎన్ కరీంనగర్'.

'నాకు ఇష్టం' అనడానికి 'యో గూస్తొ' అంటే నవ్విండ్రు. ఎందుకు?

'నేను నచ్చుతాను' అన్నట్టు అయింది మరి. ఇక్కడ ఇంగ్లీషును మరిచిపోయి తెలుగును పట్టుకోండి: నాకు టీ నచ్చుతుంది, 'మె గూస్త ఎల్ తే'. నచ్చేవి ఎక్కువైతే క్రియ బహువచనం: 'మె గూస్తన్ లొస్ మాంగొస్'. నీకు 'తె', అతనికి, ఆమెకు, మీకు 'లె', మాకు 'నొస్', వాళ్ళకు 'లెస్'. 'మా అమ్మకు టీ ఇష్టం' అంటే 'అ మి మాద్రె లె గూస్త ఎల్ తే', పేరు చెప్పినా 'లె' ఉండాల్సిందే. తలనొప్పి కూడా ఇదే కట్టు: 'మె ద్వేలె ల కబేస'.

అట్లాగని ప్రతి 'నాకు'నూ 'మె' చేయకండి. నాకు ఆకలి 'తేంగొ ఆంబ్రె', దాహం 'తేంగొ సేద్', నిద్రొస్తోంది 'తేంగొ స్వేన్యొ', జ్వరం 'తేంగొ ఫియేబ్రె', 20 ఏళ్ళు 'తేంగొ బేయింతె ఆన్యొస్'. నాకు నీళ్ళు కావాలి 'కియేరొ ఆగ్వ'. నాకు ఈత వచ్చు 'సే నదార్'. నాకు ఆయన తెలుసు 'లొ కొనోస్కొ'. ఇవన్నీ 'నేను' వాక్యాలే.

'బేయొ అ మి మాద్రె'ల ఆ 'అ' ఎందుకు?

ఆ వాక్యానికి అర్థం 'మా అమ్మను చూస్తున్నాను'. అందులో 'అ' మన 'ను'. 'సినిమా చూస్తున్న' అంటాం, 'ను' లేకున్నా నడుస్తుంది. 'అమ్మ చూస్తున్న' అంటే అర్థమే మారిపోతుంది, 'అమ్మను' అనాలి. స్పానిష్‌లో కూడా కర్మ మనిషైతే 'అ' కావాలి, వస్తువైతే వద్దు: 'బేయొ ఊన పెలీకుల' (సినిమా చూస్తున్నాను). పెంపుడు కుక్కకు కూడా పెడతారు. 'తెనేర్' దగ్గర మాత్రం మామూలుగా పెట్టరు.

నుంచి, లో, కు, తో, కోసం ఎక్కడ పెట్టాలె?

మనం వెనక తగిలిస్తాం, వాళ్ళు ముందు పెడతారు. 'వరంగల్ నుంచి' 'దె వరంగల్', 'హనుమకొండలో' 'ఎన్ హనుమకొండ', 'కాజీపేటకు' 'అ కాజీపేట', 'అన్నతో' 'కొన్ మి ఎర్మానొ'. 'దె', 'ఎల్' కలిస్తే 'దెల్'. 'అ', 'ఎల్' కలిస్తే 'అల్'. పొర్, పర గొడవకు మొదటి మెట్టులో ఇంత చాలు: 'కోసం' అయితే పర, 'వల్ల', 'గుండా', 'ద్వారా', 'చేసినందుకు' అయితే పొర్.

'నో తేంగొ నాద' అంటే రెండు లేదులు కదా, తప్పు కాదా?

కాదు. మన 'నా దగ్గర ఏమీ లేదు' లాంటిదే. 'నో' ఎప్పుడూ క్రియకు ముందు.

## కొంచెం ముందుకు పోయినంక

భూతకాలాలు రెండున్నయట. ఎట్ల విడదీయాలె?

తెలుగులో 'పోయిన', 'పోయేటోన్ని' అని రెండున్నాయి కదా, అవే. 'నిన్న చెరువు కాడికి పోయిన' అంటే 'ఫ్వీ', జరిగి ముగిసిన పని. 'చిన్నప్పుడు రోజు పోయేటోన్ని' అంటే 'ఈబ'. 'తింటున్నప్పుడు ఫోన్ వచ్చింది'లో నడుస్తున్న పని కూడా రెండో రూపమే: 'కొమీయ' (తింటూ ఉన్నాను), ఫోన్ రావడం మొదటి రూపం. భవిష్యత్తుకు కొత్త పట్టిక అవసరం లేదు, 'బోయ్ అ కొమేర్' (తినబోతున్నాను) తో నెలలు గడుస్తాయి.

'దాన్ని కొంట' ఎట్ల అనాలె?

'లొ కోంప్రొ'. దాన్ని, కొంటాను, మన వరసే. స్త్రీలింగమైతే 'ల కోంప్రొ'. పూర్తి నామవాచకం ఉంటే మాత్రం క్రియ తర్వాత వస్తుంది: 'కోంప్రొ ల కమీస'.

సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) ఎప్పుడు మొదలుపెట్టాలె?

ఇప్పుడు వద్దు. రెండు భూతకాలాలు నోటికి వచ్చాక.

చదివితే అర్థమైతుంది, మాట్లాడబోతే నోరు పెగుల్తలేదు.

తెలుగులో పొడుగు వాక్యం ఆలోచించి దాన్నంతా మార్చబోతే అంతే అవుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, స్పానిష్‌లో ముందే కావాలి, అందుకే మధ్యలో ఆగిపోతారు. క్రియతో మొదలుపెట్టండి: 'కియేరొ..' అని, తర్వాత ఏం కావాలో. రోజూ పది నిమిషాలు చేసే పనిని పైకి చెప్పుకోండి: నీళ్ళు తాగుతున్నాను, బస్సు కోసం చూస్తున్నాను, చౌరస్తా దగ్గర దిగుతున్నాను. వినడానికి నెమ్మదిగా మాట్లాడే రెండు నిమిషాల ఆడియో ఒక్కటే తీసుకుని వారమంతా వినండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో పోయేవాళ్ళకు దీనికి కావాల్సినంత టైం దొరుకుతుంది. ఎదుటివాళ్ళు వేగంగా అంటే 'మాస్ దెస్పాసియొ, పొర్ ఫబోర్' (ఇంకొంచెం నెమ్మదిగా) అని అడగడం తప్పేం కాదు.

డెలె పరీక్ష రాయాలా?

డెలె అంటే స్పానిష్ ఎంత వచ్చో చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. వీసా, చదువు, ఉద్యోగం అడిగితేనే రాయండి. ఏ1 డెలెలో చదవడం 45 నిమిషాలు, రాయడం 25 నిమిషాలు, వీటితోపాటు వినడం, మాట్లాడటం ఉంటాయి. చదవడం, రాయడం ఒక జట్టు. వినడం, మాట్లాడటం ఇంకో జట్టు. ఒక్కోదానికి 50 మార్కులు, రెండింట్లోనూ 30 చొప్పున రావాలి. రాతలో 48 తెచ్చుకుని రెండో జట్టులో 28 దగ్గర ఆగితే ఫెయిలే, మనవాళ్ళకు దెబ్బ తగిలేది అక్కడే. డెలె సర్టిఫికెట్‌కు గడువు లేదు. కంప్యూటర్ మీద రాసే సియెలె పరీక్షది 5 ఏళ్ళే చెల్లుతుంది.

ఫారంల పేరు ఎట్ల నింపాలె? ఇంటిపేరు ముందుంటది కదా.

'నోంబ్రె' దగ్గర మీ పేరు, 'అపెయీదొస్' దగ్గర ఇంటిపేరు. స్పానిష్‌వాళ్ళకు చివర రెండు ఇంటిపేర్లుంటాయి, మామూలుగా మొదట తండ్రిది, తర్వాత తల్లిది, కాబట్టి రెండు గడులు కనిపిస్తాయి. రెండోది ఖాళీగా వదలొచ్చు. పాస్‌పోర్టులో ఏది ఏ గడిలో ఉందో అచ్చం అదే ఇక్కడా రాయాలి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాస్తే 'ఇదేం అపెయీదొ?' అని ఫారం వెనక్కి వస్తుంది.